ఫైరింజన్ ఖర్చు ఎవరి ఇంటి పన్నులో వేస్తారు? తెల్లాపూర్‌లో ముందే అడగాల్సిన ప్రశ్న

2025 డిసెంబర్‌లో హైదరాబాద్ చుట్టూ ఉన్న 27 పురపాలికలను జీహెచ్‌ఎంసీలో కలిపారు. వాటిలో తెల్లాపూర్ ఒకటి. 2018 దాకా అది గ్రామ పంచాయతీ. ఆ తర్వాత మున్సిపాలిటీ. ఇప్పుడు మహానగరంలో ముక్క. ఏడేళ్లలో ఆఫీసు ముందున్న బోర్డు రెండు సార్లు మారింది. విలీనం మాట వచ్చిన దగ్గర్నుంచి గేటెడ్ కమ్యూనిటీ మీటింగులోనైనా, పాత ఊరి చాయ్ హోటల్ దగ్గరైనా వినిపించే ప్రశ్న ఒకటే: ఇంటి పన్ను ఎంత పెరుగుతుంది?

ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ మేము ఇంకో ప్రశ్న అడగాలనుకుంటున్నాం. ఇంటి పన్ను లెక్కలో సాధారణ పన్ను ఉంటుంది, పారిశుధ్యం, వీధి దీపాలు, డ్రైనేజీ ఉంటాయి, పైన 8 శాతం గ్రంథాలయ సెస్సు ఉంటుంది. నిప్పు గురించి అందులో ఒక్క ముక్క ఉండదు. ఇవాళ లేదు గానీ, ఆ ముక్క త్వరలోనే వచ్చి చేరుతుందని మా అంచనా.

ఎందుకంటే గాలి అటే వీస్తోంది. కేంద్ర హోంశాఖ 2019లో రాష్ట్రాలకు పంపిన నమూనా అగ్నిమాపక బిల్లులో ఫైర్ ట్యాక్స్, ఫీజులు వసూలు చేసే ఏర్పాటు ఉంది. 15వ ఆర్థిక సంఘం సిఫారసుతో 2023లో మొదలైన 5,000 కోట్ల రూపాయల అగ్నిమాపక ఆధునికీకరణ పథకంలో 500 కోట్లు చట్టపరమైన, మౌలిక వసతుల సంస్కరణలు చేసిన రాష్ట్రాలకు ప్రోత్సాహకంగా పక్కన పెట్టారు. పొరుగున కర్ణాటక ఎత్తైన భవనాల ఆస్తి పన్ను మీద 1 శాతం ఫైర్ సెస్సు బాట పట్టింది. మహారాష్ట్ర 2006 చట్టంలోనే అగ్నిమాపక సేవకు రుసుములు పెట్టుకుంది. తెలంగాణ ఎంతకాలం దూరంగా ఉంటుంది? రేటు ఖరారయ్యాక చేసే ధర్నాకు ఫలితం తక్కువ. లెక్క ఏ సూత్రం మీద కట్టాలో తేలకముందే బహుజన సంఘాలు ఆ గదిలో ఉండాలి.

తెల్లాపూర్‌నే ఎందుకు ఎంచుకున్నామంటే, ఈ లెక్కలోని చిక్కులన్నీ అక్కడ నడక దూరంలో కనిపిస్తాయి. ఒక పక్క 30 అంతస్తుల టవర్లు. వాటిని కడుతున్న కూలీల రేకుల షెడ్లు వాటి కాళ్ల దగ్గరే. తెల్లాపూర్, ఉస్మాన్‌నగర్, వెలిమెల, ఈదులనాగులపల్లి లాంటి పాత ఊళ్లు, వాటి చివరన ఎప్పటిలాగే మాల మాదిగ ఇళ్లు. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన కొల్లూరులో 117 బ్లాకులు, 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు. 2023 జూన్‌లో అప్పటి ముఖ్యమంత్రి ప్రారంభించిన ఆ కాలనీ తొమ్మిది నుంచి పదకొండు అంతస్తుల ఎత్తు లేచింది.

ఇప్పుడు నిప్పు ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన అగ్నిమాపక సేవల చట్టమే తెలంగాణలోనూ నడుస్తోంది. స్టేషన్లు, బండ్లు, జీతాలు అన్నీ రాష్ట్ర బడ్జెట్ నుంచే. 15 మీటర్లు దాటిన వాణిజ్య భవనాలు, 18 మీటర్లు, ఆ పైన ఉన్న నివాస భవనాలు ప్లాను దశలోనే అగ్నిమాపక శాఖ నుంచి ఎన్‌వోసీ తెచ్చుకోవాలి, దానికి ఫీజు కట్టాలి. మంట అంటుకుని 101కి ఫోన్ చేస్తే మాత్రం ఎవరూ పైసా అడగరు, పన్ను రసీదు చూపమనరు. వెలివాడ నుంచి ఫోన్ వచ్చినా, విల్లా నుంచి వచ్చినా చట్టం దృష్టిలో ఒకటే. బండి ఎంతసేపటికి వస్తుంది, ఇరుకు సందులోకి దూరుతుందా అన్నది వేరే కథ. కానీ హక్కుగా అది ఉచితం. దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు.

పన్నుకూ రుసుముకూ తేడా ఉందని సుప్రీంకోర్టు 1954లో శిరూర్ మఠం కేసులో చెప్పింది. పన్ను అందరి ఉమ్మడి భారం. రుసుము ఒక సేవకు బదులుగా కట్టేది. 1983లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ మార్కెట్ రుసుముల మీద వచ్చిన శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో, కట్టిన ప్రతి పైసాకూ లెక్కగా సేవ అందాలని లేదని, స్థూలంగా సంబంధం ఉంటే చాలని కోర్టు కొంత సడలించింది. లాయర్లకు ఇది పాత పాఠం. మనకు దీనితో ఏం పని అంటారా? సేవకు బదులు డబ్బు అనే మాట ఒకసారి చట్టంలోకి వచ్చాక, డబ్బు కట్టనివాడికి సేవ ఎందుకు అనే మాట దాని వెనకే వస్తుంది.

ఇది ఊహ కాదు. అమెరికాలో టెనెసీ రాష్ట్రం, ఓబియన్ కౌంటీలో సౌత్ ఫుల్టన్ అనే చిన్న పట్టణం ఉంది. పట్టణం బయట గ్రామాల్లో ఉండేవాళ్లు ఫైరింజన్ సేవ కావాలంటే ఏడాదికి 75 డాలర్లు కట్టాలి. 2010 సెప్టెంబర్‌లో ఒక ఇంటికి మంట అంటుకుంది. ఆ ఇంటాయన ఆ ఏడాది ఫీజు కట్టలేదు. ఫైరింజన్ వచ్చింది, కానీ ఫీజు కట్టిన పొరుగాయన ఆస్తిని కాపాడటానికి. ఎంతైనా ఇప్పుడే కడతానన్నా వినకుండా సిబ్బంది చూస్తూ ఉండగా ఇల్లు బూడిదైంది. మరుసటి ఏడాది అక్కడే ఇంకో ఇంటికీ అదే గతి పట్టింది. బావి దగ్గర నీళ్లకు ఎవరు అర్హులో ముందే తేల్చి పెట్టిన సమాజంలో పుట్టిన మాకు ఈ తర్కం కొత్తగా అనిపించలేదు.

కాబట్టి మా మొదటి మాట: ఏ పేరుతో వసూలు చేసినా, కట్టని ఇంటికి బండి ఆగకూడదని చట్టంలోనే రాయాలి. బకాయిని ఆస్తి పన్ను బకాయిలాగే తర్వాత రాబట్టుకోవచ్చు.

ఇక ఎంత అన్నది. అధికారులకు సులభమైన దారి ఇంటికింత అని సమానంగా వేయడం. కాలిఫోర్నియా 2011లో అడవి అంచు ప్రాంతాల్లో నివాసానికి 150 డాలర్ల చొప్పున అలాగే వేసింది. గుడిసె లాంటి ట్రైలరైనా, కొండ మీది బంగళా అయినా అదే 150. గొడవలు, కోర్టు కేసులు నడిచాయి. చివరికి 2017లో ఆపేశారు. సమానంగా వేస్తే సమానత్వం అనుకునేవాళ్లు బాబాసాహెబ్ అంబేద్కర్ 1927 ఫిబ్రవరిలో బొంబాయి శాసన మండలిలో బడ్జెట్ మీద చేసిన ప్రసంగం చదవాలి. ఆదాయపు పన్నుకు ఒక పరిమితి పెట్టి దాని కింద ఉన్నవాళ్లను వదిలేస్తున్నారు, భూమి శిస్తు దగ్గరికి వచ్చేసరికి జాగీర్దారుకూ ఎకరం రైతుకూ ఒకే పద్ధతి ఏమిటని ఆయన అక్కడ నిలదీశారు. ప్రాంతీయ ఆర్థిక వ్యవస్థ మీద పుస్తకం రాసిన మనిషి, మండలిలో మొదటి బడ్జెట్ ప్రసంగంలోనే పన్నుల న్యాయాన్ని ఎత్తుకున్నారు. మన ఉద్యమాల్లో ఆయన రాజ్యాంగం గురించి మాట్లాడినంతగా ఆయన పన్నుల గురించి మాట్లాడుకోకపోవడం మా అందరి లోపమే.

తెలంగాణ లెక్కలో పెట్టి చూద్దాం. 2019 పురపాలక చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకున్న కుటుంబానికి ఆస్తి పన్ను ఏడాదికి 100 రూపాయలు. దాని మీద ఇంటికి 500 రూపాయల ఫైర్ ఫీజు వేశారనుకుందాం. ఇది మా ఊహ అంకె మాత్రమే. ఇంటి పన్నుకు ఐదు రెట్లు నిప్పు పన్ను అవుతుంది. ఏడాదికి 20,000 పన్ను కట్టే ఫ్లాటుకు అదే 500 అంటే నూటికి రెండున్నర. అదే పన్ను మీద 1 శాతం సెస్సు అయితే చిన్న ఇంటికి ఒక రూపాయి, ఫ్లాటుకు 200. పద్ధతి మార్చగానే మనుషుల మధ్య దూరం ఎలా తారుమారైందో చూడండి.

అయితే పన్ను మీద శాతం అనే పద్ధతి కూడా అసలు విషయాన్ని తాకదు. అగ్నిమాపక సేవలో ఖర్చంతా మంట ఆర్పడంలో లేదు, సిద్ధంగా ఉండటంలో ఉంది. ఏడాదిలో 300 రోజులు పెద్ద కాల్ రాకపోయినా డ్రైవర్ ఉండాలి, నీళ్లు నిండి ఉండాలి, బండి స్టార్ట్ కావాలి. కాబట్టి ఎన్ని కాల్స్ వచ్చాయో చూసి పంచితే సరిపోదు. ఎంత ఎత్తుకు, ఎంత మందికి, ఎంత మండే సరుకుకు సిద్ధంగా ఉండాల్సి వస్తోందో చూడాలి. సికింద్రాబాద్ ప్రమాదాలప్పుడు టీవీల్లో కనిపించిన బ్రాంటో స్కైలిఫ్ట్ 54 మీటర్ల దాకా లేస్తుంది. అంటే సుమారు 18 అంతస్తులు. రేకుల షెడ్డుకు ఆ నిచ్చెన అక్కర్లేదు. పాత ఊళ్లోని ఎస్సీ వాడకు అక్కర్లేదు, వాళ్లకు కావలసింది సందులోకి దూరే చిన్న బండి. కోట్ల రూపాయల నిచ్చెన అవసరం పుట్టింది టవర్ల వల్ల. 2006 నాటి భవన నిబంధనలతో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి తీసేశారు. స్థలం, రోడ్డు వెడల్పు ఉంటే ఎంత ఎత్తైనా కట్టుకోవచ్చు. ఆ నిర్ణయంతో లాభపడింది బిల్డర్లు, భూమి యజమానులు. వాళ్లు అనుమతి దశలో ఇంపాక్ట్ ఫీజు, ఎన్‌వోసీ ఫీజు ఒకసారి కట్టి వెళ్లిపోతారు. ఎత్తు మాత్రం అక్కడే ఉంటుంది, దానితో వచ్చే ప్రమాదమూ ఏటా ఉంటుంది.

అందుకే వార్షిక రుసుము ఇంటిని బట్టి కాక భవనం ఎత్తు, విస్తీర్ణం, వాడకాన్ని బట్టి ఉండాలన్నది చాలామంది నిపుణుల వాదన. మేమూ మొదట అక్కడే ఆగాం. కొల్లూరు గుర్తొచ్చాక ఆ వాదనలో ఉన్న గోతి కనిపించింది.

డబుల్ బెడ్‌రూం పథకంలో పట్టణాల్లో ఎస్సీలకు 17 శాతం, ఎస్టీలకు 6 శాతం, మైనారిటీలకు 12 శాతం ఇళ్లు కేటాయించాలని నిబంధన. ఆ నిష్పత్తినే కొల్లూరుకు వేసుకుంటే దాదాపు 2,660 దళిత కుటుంబాలు. మిగతావాళ్లలోనూ ఎక్కువమంది నగరం మధ్య బస్తీల్లో కిరాయి ఇళ్లలో బతికినవాళ్లే. ఒక అంతస్తు ఇంట్లో ఉన్న మనిషిని లాటరీ తీసి తొమ్మిదో అంతస్తుకు పంపింది ప్రభుత్వం. ఎత్తు వాళ్లు కోరుకున్నది కాదు. భూమి ఖరీదైంది కాబట్టి పేదవాణ్ణి నిలువునా పేర్చారు. ఇప్పుడు ఎత్తును బట్టి రుసుము అంటే, 560 చదరపు అడుగుల ఇంట్లో ఉన్న పారిశుధ్య కార్మికురాలూ, పక్క టవర్లో 3,000 అడుగుల ఫ్లాటు యజమానీ ఒకే గాటన పడతారు. ప్రమాదాన్ని బట్టి ధర అనే సూత్రం వినడానికి శాస్త్రీయంగా ఉంటుంది, కానీ ఆ ప్రమాదంలోకి మనిషిని ఎవరు నెట్టారని అది అడగదు.

ఇంకో సంగతి ఉంది. పది అంతస్తుల భవనంలో ప్రాణం కాపాడేది ముందుగా ఫైరింజన్ కాదు. భవనం లోపలి సంపు, పంపు, అంతస్తంతస్తుకూ వెళ్లే పైపు, హోస్ రీల్, అలారం, పొగ నిండని మెట్ల దారి. బయటి బండి వచ్చేలోపు పని చేయాల్సినవి ఇవే. గేటెడ్ కమ్యూనిటీలో వీటి ఖర్చు నెల మెయింటెనెన్స్‌లో కలిసిపోతుంది. అడుగుకు 3 రూపాయలు వేసుకున్నా 1,800 అడుగుల ఫ్లాటుకు నెలకు 5,400. అందులోంచే పంపుల ఏడాది కాంట్రాక్టు, ఫైర్ డ్రిల్, సెక్యూరిటీ గార్డుల శిక్షణ నడుస్తాయి. అంటే ధనికులు వార్షిక అగ్నిమాపక రుసుము ఇప్పటికే కడుతున్నారు, సొంత సంఘానికి.

పేదల బ్లాకుల్లో ఆ సంఘం ఎక్కడుంది? ఉన్నా దాని దగ్గర ఏముంది? కొల్లూరు లెక్కనే తీసుకుంటే బ్లాకుకు సగటున 134 ఇళ్లు. పంపులు, పైపుల నిర్వహణకు బ్లాకుకు ఏడాదికి లక్ష రూపాయలు అవుతుందనుకుంటే ఇంటికి దాదాపు 750. పెద్ద మొత్తం కాదనిపిస్తుంది. కానీ అదే చేతి నుంచి లిఫ్టు కరెంటు బిల్లు, మోటారు రిపేరు, చెత్త బండి డబ్బులు కూడా వెళ్లాలి. ఎప్పుడో వస్తుందో రాదో తెలియని మంట ఆ వరసలో చివర నిలబడుతుంది. ఇలాంటి ఒక కాలనీలో (ఏదో ఇక్కడ రాయడం లేదు) మేము మెట్లెక్కుతూ హోస్ రీల్ పెట్టె తెరిచి చూశాం. గొట్టం ఉంది, నాజిల్ లేదు. మూడో అంతస్తులో ఉండే ఒక పెద్దమ్మను అడిగితే, "ఇత్తడిది బిడ్డా, ఉంటదా?" అంది. ఆమె నవ్వింది. మేము నవ్వలేకపోయాం. ఆ పెట్టె ఎందుకుందో, పక్కన ఉన్న ఎర్ర సీసా ఎలా విప్పాలో తనకు ఎవరూ చెప్పలేదని కూడా అంది.

కాబట్టి కొల్లూరు లాంటి చోట వార్షిక రుసుము వేయాల్సింది ఇంటివాళ్ల మీద కాదు, ఎత్తును నిర్ణయించిన ప్రభుత్వం మీద. రాష్ట్రం తన బడ్జెట్ నుంచి ఏటా బ్లాకుకింత అని జమ చేయాలి, ఆ డబ్బు పంపుల నిర్వహణకే వాడాలి, ఏడాదికోసారి పరీక్ష చేసిన తేదీ బ్లాకు కింద గోడ మీద రాసి ఉండాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ ఖర్చును 2017 ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద చూపించే ఆలోచన ఎవరికైనా వస్తే ఒప్పుకోకూడదు. అందరికీ వేసిన రోడ్డులో మన వాటా ఇంత అని లెక్క రాసి దళితుల నిధిని కరిగించడం మనం చూస్తూనే ఉన్నాం. నిప్పు నుంచి రక్షణ అందరికీ ఇచ్చే సేవ. దానికి ఎస్సీల నిధిలో చెయ్యి పెట్టనక్కర్లేదు.

ఇక ఏ పన్ను రిజిస్టర్లోనూ లేనివాళ్లు. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడ తుక్కు గోదాములో మంటలు లేచినప్పుడు పైన నిద్రపోతున్న 11 మంది బిహార్ కార్మికులు చనిపోయారు. 2023 జనవరిలో డెక్కన్ మాల్ మంటల్లో ముగ్గురు వలస కార్మికులు పోయారు. ఆ మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఊపిరాడక చనిపోయిన ఆరుగురూ ఊళ్ల నుంచి నగరానికి చిన్న ఉద్యోగాలకు వచ్చిన యువతీ యువకులు. 2025 జూన్ 30న తెల్లాపూర్ ఉన్న ఇదే సంగారెడ్డి జిల్లాలో, పాశమైలారం సిగాచి కర్మాగారం పేలుడులో 50 మందికి పైగా కార్మికులు బలయ్యారు. వీళ్లలో ఆ భవనానికి ఆస్తి పన్ను కట్టే వ్యక్తి ఎవరూ లేరు. మన నగరంలో మంటకు బలయ్యేవాడు ఒకడు, పన్ను పుస్తకంలో పేరున్నవాడు ఇంకొకడు.

అందుకే రుసుము వచ్చాక అసలు ప్రమాదం మరో చోట ఉంది. డబ్బు ఎక్కడి నుంచి వస్తే స్టేషన్ అక్కడ పెట్టాలనే ఒత్తిడి వస్తుంది. స్టాండింగ్ ఫైర్ అడ్వైజరీ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం పట్టణాల్లో 10 చదరపు కిలోమీటర్లకు ఒక స్టేషన్ ఉండాలి. ఈ లెక్కలో తెల్లాపూర్ చుట్టూ కొత్త స్టేషన్లు అవసరమే. వాటి స్థలం ఎంపిక దగ్గర టవర్ల సంఘాలు తమ గొంతు వినిపిస్తాయి, వినిపించాలి కూడా. లేబర్ క్యాంపు తరఫున ఎవరు మాట్లాడతారు? షెడ్డుకు ఇంటి నంబర్ లేదు. గ్యాస్ సిలిండర్, కట్టెల పొయ్యి, కొక్కెం వేసిన కరెంటు వైరు అన్నీ ఒకే రేకు కింద ఉంటాయి. వాళ్ల పేరు మీద డబ్బు మాత్రం ఎప్పటి నుంచో వసూలవుతోంది: 1996 చట్టంతో వచ్చిన నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు, నిర్మాణ ఖర్చులో 1 శాతం. టవర్ బిల్డర్ వార్షిక అగ్నిమాపక రుసుము కట్టడం ఇళ్లు అమ్ముడయ్యాక కాదు, మొదటి గుంత తవ్విన రోజు నుంచి మొదలవ్వాలి. సైటులోని లేబర్ క్యాంపు కూడా ఆ రుసుము పరిధిలోకి, తనిఖీ పరిధిలోకి రావాలి. క్యాంపు తనిఖీ కానిదే పై అంతస్తుకు అనుమతి ఇవ్వకూడదు.

వసూలైన డబ్బు ఎక్కడికి పోతుందన్నదీ తేల్చాలి. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో అగ్నిమాపక సేవ పురపాలికల పనుల్లో ఏడోది. మన దగ్గర ఆ పని రాష్ట్ర శాఖది. వసూలు చేసేది కార్పొరేషన్, ఖర్చు పెట్టేది శాఖ అయితే మధ్యలో డబ్బు ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కర్లేదు. గ్రంథాలయ సెస్సు ఉంది కదా. జనం దగ్గర వసూలు చేసి గ్రంథాలయ సంస్థలకు బకాయి పెట్టడం మన పురపాలికల్లో పాత కథ. పోటీ పరీక్షలకు చదువుకునే మన పిల్లలు కుర్చీ దొరక్క మెట్ల మీద కూర్చునే లైబ్రరీలు ఆ బకాయికి సాక్ష్యం. ఫైర్ సెస్సు కూడా ఆ దారి పడితే లైబ్రరీలో కుర్చీ లేనట్టు బండిలో డీజిల్ ఉండదు. విడి ఖాతా, సర్కిల్ వారీగా ఏటా ప్రచురించే లెక్క ముందే షరతుగా ఉండాలి.

ఇవన్నీ అడగాల్సిన వేళ తెల్లాపూర్‌లో ప్రజలు ఎన్నుకున్న మనిషి లేడు. 2020 జనవరిలో ఎన్నికైన పాలక మండలి గడువు 2025 జనవరిలో ముగిసింది. ఆ తర్వాత ప్రత్యేకాధికారి పాలన, ఆ పైన విలీనం. పన్నుల మీద అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు ఇస్తే గేటెడ్ సంఘాలు తమ లాయర్లతో నోట్ తయారు చేయిస్తాయి. కొల్లూరు బ్లాకుల నుంచి, ఈదులనాగులపల్లి ఎస్సీ వాడ నుంచి, లేబర్ క్యాంపుల నుంచి అలాంటి కాగితం వెళ్లాలంటే దాన్ని రాసే పని ఇప్పుడే మొదలవ్వాలి. మొదటి పేజీలో పెద్ద మాటలు అక్కర్లేదు. ఏ బ్లాకులో ఏ అంతస్తులో పంపు నడుస్తోంది, ఏ పెట్టెలో నాజిల్ లేదు, ఏ సందులో బండి ఎక్కడ ఆగిపోతుంది అన్న జాబితా చాలు.